వంశం ఆరా తీసే మహానుభావుడికి జోహార్లు

మనం ఎవరమో మనకు చెప్పడానికి ఒక పరాయివాడు ఇంటికి రావడం కన్నా భాగ్యం ఉందా? లేదు. ఇలాంటి మహానుభావులను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి.

మా యాంగోన్, అదే పాత రంగూన్, తెలుగువాళ్లనే తీసుకోండి. విశాఖ నుంచి వచ్చిన చుట్టం రెండు ముక్కలు విని, "మీది అసలు తెలుగేనా?" అంటాడు. ఇన్ని తరాలూ అనవసరంగా తెలుగులో నవ్వామని, ఏడ్చామని అప్పుడు గానీ తెలియదు. ఎంత ఉపకారం!

అయితే ఈ విద్యలో సింగపూర్ నుంచి వచ్చిన ఎజ్రా గారిని మించినవారు లేరు.

పజుండౌంగ్ పేటలో మా పక్కింటి మణిమాల తండ్రి యూదుడు, తల్లి తెలుగావిడ. తండ్రి నేర్పినట్టే ఆమె ప్రతి శుక్రవారం పొద్దుగూకకముందే యూదుల విశ్రాంతి దినం కోసం కొవ్వొత్తులు వెలిగిస్తుంది. మా ఆవిడ పోయినప్పుడు వారం రోజులు నాకు క్యారేజీ పంపింది. నా గోత్రమైనా అడగలేదు. నిర్లక్ష్యం అంటే ఇదే కదా?

మొన్న ఆమె తండ్రి పోయిన తిథి. ఆ రోజు చెప్పే కద్దీష్ ప్రార్థనకు పదిమంది యూదులు కూడాలి. మణిమాల, తోబుట్టువులు, ఎదిగిన పిల్లలు కలిసి తొమ్మిదిమంది. వాళ్లది ఉదారవాద శాఖ. ఆడవాళ్లనూ లెక్కిస్తుంది, తండ్రి వైపు నుంచి వచ్చి ఆచారం పాటించేవాళ్లనూ తనవాళ్లంటుంది. అయినా ఒకరు తక్కువ. ఆ ఒక్కరు లేకే పోయినేడాది తండ్రికి ప్రార్థన జరగలేదు.

"బాబాయ్, సింగపూర్ నుంచి యూదు పెద్దాయనెవరో హోటల్లో దిగారంట. ఎల్లి తీసుకొస్తావేటి?" అంది. తీసుకొచ్చాను.

ఎజ్రా గారు కూర్చోకముందే పని మొదలుపెట్టారు.

"మీ అమ్మ యూదురాలా?"

"కాదండి."

"అయితే మీరు యూదులు కారు."

తర్వాత ఆమె తమ్ముణ్ణీ అదే ప్రశ్న అడిగారు. ఒకే తల్లి బిడ్డలని తెలిసి కూడా విడిగా అడిగారు. శాస్త్రీయ దృష్టి అంటే అది! ఆయన సంప్రదాయ శాఖలో తల్లి యూదురాలైతేనే బిడ్డలు యూదులట. పైగా తల్లి ఎవరైనా సరే, ఆయన పద్ధతిలో ఆడవాళ్లు లెక్కలోకి రారట. అలా కొందరు రెండేసి సార్లు ఓడిపోయారు. చివరికి ఆ గదిలో యూదుడు ఒక్కరేనని తేలింది. ఆయనే.

"చూసావా బాబాయ్," అంది మణిమాల నాతో తెలుగులో, "ఇన్నేళ్లూ ఆ కొవ్వొత్తులు ఎవులింట్లో ఎలిగించీసినానో."

"ప్రార్థన కుదరదు," అంటూ ఆయన లేచారు. గుమ్మం దాకా వెళ్లారు గానీ దాటలేదు. చేతిలో టోపీని నలుపుతున్నారు.

"మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగింది మణిమాల.

"నాన్న. ఇంకా ఏడాది కాలేదు. రోజూ చెప్పాలి. ఈ ఊళ్లో దిగినప్పటినుంచీ నాకు పదిమంది దొరకలేదు."

"రండి. మీ నాన్నగారిని కూడా తలుచుకుందాం. మా లెక్కలో మీరు పదోవారు."

ఆయన తల్లి ఎవరో ఆమె అడగలేదు.

ఎజ్రా గారు వచ్చి నిలబడ్డారు. మణిమాల తన తండ్రి పేరు చెప్పింది. ఆయన తన తండ్రి పేరు చెప్పారు. ప్రార్థన మధ్యలో ఆయన చెప్పడం ఆపేస్తే, తొమ్మిదిమందీ ఆగి, మళ్లీ అందుకునేదాకా కాచుకుని ఆమేన్ అన్నారు.

ఊరు చేరాక ఆయన ఫేస్‌బుక్‌లో రాశారు: "రంగూన్‌లో యూదు సమాజం అంతరించింది. అక్కడ నేనొక్కణ్ణే ప్రార్థించాను."

అంతటి పెద్దమనిషి అబద్ధమాడతారా? మరి ఆ ఆమేన్‌లు ఎవరివో, పోయిన ఆయన తండ్రికే తెలియాలి.