కండరం పైనా, కిందా?

మనిషి శరీరం మీద సర్వహక్కులూ ఆ మనిషివేనని నమ్మేవాళ్లు లోకంలో ఇంకా కొందరున్నారు. వాళ్లు ఏ క్రీడా సంఘంలోనూ సభ్యులు కారని అర్థం.

క్రేనమ్మ సభ్యురాలే. వెయిట్ లిఫ్టింగ్‌లో ఆమె దూకుడు చూసి జిమ్‌లో వాళ్లు పెట్టిన పేరది. ఏళ్ల తరబడి బరువులెత్తగా ఎత్తగా ఒంట్లో కొవ్వన్నది కరిగిపోయి ఛాతీ పలకలా చదునైపోయింది. ఒకరోజు ప్లాస్టిక్ సర్జరీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, రొమ్ములకు ఇంప్లాంట్లు పెట్టించుకుంటానంది.

"ఎవరైనా పెట్టించుకోమన్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ. అద్దంలో చూసుకుంటే నాకు బదులు మా అన్నయ్య కనబడుతున్నాడు. మంచివాడే. కానీ రోజూ చూడాలంటే కష్టంగా ఉంది."

డాక్టరమ్మ నవ్వాపుకుని విడమరిచి చెప్పింది. "ఛాతీ కండరం కింద పెడితే అంచులు బయటికి తెలియవు. కానీ మీరు బరువెత్తినప్పుడల్లా కండరం బిగిసి దాన్ని నొక్కుతుంది, అది కదిలినట్టు కనబడుతుంది. బలం కూడా కాస్త తగ్గొచ్చు. పైన పెడితే కండరం జోలికి పోం. కాకపోతే మీకు కొవ్వు తక్కువ, అంచులు తెలియొచ్చు."

"రెంట్లో ఏది మంచిదండీ?"

"ఏ ఇబ్బందితో మీరు సర్దుకోగలరో అది. ఆలోచించుకుని రండి."

ఆలోచించుకోవడం మొదలుపెట్టిందో లేదో, ఆ పని చుట్టుపక్కలవాళ్లు అందుకున్నారు. కోచ్ మండిపడ్డాడు. "ఆ కండరాన్ని పెంచి పెద్దచేసింది నేను. దాని కింద ఎవరికీ అద్దెకిచ్చేది లేదు!" అత్తగారు మూతి ముడుచుకుంది. "బీరువా ఎక్కడ పెట్టాలన్నా నన్నడిగేవాళ్లు. దీనికి మాత్రం నేను కనబడలేదేం?" భర్త పేపర్లో తలదూర్చాడు. (ఏమన్నా తప్పేనని పెళ్లయిన కొత్తలోనే గ్రహించాడు.)

కోచ్ ఊరుకోక సంఘం చెవిన వేశాడు. సంఘం విషయ తీవ్రతను గుర్తించి 'ఛాతీ స్థాన నిర్ణయ ఉపసంఘం' వేసింది. (నిష్పాక్షికత కోసం సభ్యులుగా అందరినీ మగవాళ్లనే తీసుకున్నారు.) సుదీర్ఘ చర్చల తర్వాత ఉపసంఘం రూలు తయారుచేసింది. కండరం కింద ఉన్నది శరీరం, కండరం పైన ఉన్నది సామాను. సామానును, పోటీదారుల ఒంటి బరువు చూసే తూకానికి ముందు తీసి పక్కన పెట్టాలి. శరీరమైతే పోటీలో అనవసరంగా కదలరాదు.

క్రేనమ్మను పిలిపించారు.

"ఎక్కడ పెట్టించుకుంటున్నావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇంకా తేల్చుకోలేదండీ. ఒళ్లు నాది కదా, నేనే తేల్చుకుందామని."

ఇలాంటి వాదన ఇంతకు ముందెన్నడూ సంఘం దృష్టికి రాలేదు.

తూకం అధికారి అనునయంగా అన్నాడు. "పైన పెట్టించుకుంటే తూకం రోజు తీసి డబ్బాలో పెట్టేయ్. డబ్బా మేమే ఇస్తాం."

"తీసి పెట్టడానికి చేతిగడియారం కాదండీ. లోపల పెట్టి కుట్టేస్తారు."

"అయితే కిందే పెట్టించుకో. కదలకుండా చూసుకో."

"కండరం కదలకపోతే బరువెలా లేస్తుందండీ?"

"అది క్రీడాకారులు చూసుకోవాలి."

క్రేనమ్మ లెక్క చూసుకుంది. ఆటైనా వదులుకోవాలి, అద్దమైనా మానేయాలి. అంత బరువు ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. లేచి వెళ్లిపోబోతూ, ఎదురుగా బల్ల మీద విశ్రాంతి తీసుకుంటున్న అధ్యక్షులవారి పొట్టను చూసి ఆగింది. వెటరన్స్ విభాగంలో ఏటా పతకం ఆయనదే. (రిఫరీలను నియమించేదీ ఆయనే.)

"అయ్యా, ఈ రూలు అందరికీనా?"

"రూలు ముందు అందరూ సమానమేనమ్మా."

"అయితే మీ పొట్ట కండరం పైనుందాండీ, కిందుందా?"

తూకం అధికారి అలవాటు కొద్దీ వంగి పరిశీలించి, "చాలావరకు పైనే సార్" అన్నాడు. (ఆయన్ని ఆ తర్వాత చదరంగం విభాగానికి మార్చారు.)

"మరి తూకానికి ముందు పక్కన పెట్టాలి కదండీ," అంది క్రేనమ్మ వినయంగా. "డబ్బా సరిపోతుందా?"

రూలు అక్కడికక్కడే రద్దయింది.

బలం ముఖ్యం, అంచులు తెలిస్తే తెలియనీ అనుకుని, క్రేనమ్మ కండరం పైనే పెట్టించుకుంది. డాక్టరమ్మ సరేననేదాకా బకెట్టు కూడా ఎత్తలేదు. బకెట్లన్నీ సణుగుతూ అత్తగారే మోసింది. తిరిగి జిమ్‌కి వెళ్లిన రోజు కోచ్ బరువు మీద బరువు వేసి పరీక్షించాడు. ఆమె ఎత్తింది. కోచ్ తన కండరాన్ని మెచ్చుకున్నాడు. క్రేనమ్మ మాత్రం అద్దంలో తనను తాను చూసుకుని, చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

ఒంట్లో ఏది ఎక్కడ ఉండాలన్నది ఎవరికి వారి సొంత విషయమని సంఘం కొత్త నిబంధన తెచ్చింది. ఆడవాళ్లకు అది వచ్చే పోటీల నుంచి వర్తిస్తుంది. అధ్యక్షులవారికి, పుట్టినప్పటి నుంచి.