సుదర్శనం కాళ్ళ డిశ్చార్జి

కుట్టుపని చేసే సుదర్శనం కాళ్ళను మత్తు విముక్తి కేంద్రంలో చేర్చడానికి చేయవలసిన పనులు ఇవి: కాళ్ళను నడుము దగ్గర విడదీయించాలి, గోళ్ళు తీయించాలి, ఆధార్ జిరాక్సు పెట్టాలి, సాక్సులు తేవాలి, నడుము పైభాగాన్ని అటెండెంటుగా రాయించాలి. భార్య భాగ్య ఇవన్నీ ఒక్క పొద్దున్నే పూర్తి చేసింది. విడదీయడానికి పెద్దగా సమయం పట్టలేదు, నొప్పీ లేదు. ఎడమ కాలు ముందు దిగింది.

కాళ్ళనే ఎందుకు చేర్చుకున్నారంటే, సుదర్శనం చెప్పింది అదే. ఏళ్ళ తరబడి ఇంట్లో చెప్పే మాటే కేంద్రంలోనూ చెప్పాడు.

"నేను పోలే సార్. పొద్దు గూకంగనే కాళ్ళే వైన్స్ దిక్కు గుంజుకపోతయి."

సూపరింటెండెంటు ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. పైగా అక్కడ మనసు డాక్టరు పోస్టు ఖాళీ, ఫిజియోథెరపీ పోస్టు భర్తీ. కాబట్టి కాళ్ళకు వైద్యం దొరికింది, పైభాగానికి బెంచీ దొరికింది.

"బడులు తెరిచేలోపు మనిషిని ఇంటికి పంపుండ్రి సార్," అంది భాగ్య. "యూనిఫాంల పని ఒప్పుకున్న. మిషను తొక్కుడు నా ఒక్కదానితోని అయితలేదు."

ఫిజియోథెరపిస్టు తబస్సుమ్ పని మీద శ్రద్ధ గల మనిషి. ఏళ్ళ తాగుడు అరికాళ్ళ స్పర్శను తినేస్తుందని ఆమెకు తెలుసు. కాళ్ళను ముందు ఇసుకలో నిలబెట్టింది, తర్వాత తడి గడ్డిలో. నేల చల్లగా ఉంటుందని వాటికి మళ్ళీ తెలిసింది. వేళ్ళతో తువ్వాలు దగ్గరికి లాక్కోవడం, తూలకుండా నిలబడడం నేర్పింది. నడక మాత్రం పొద్దు గూకే వేళకే పెట్టేది. తాగాలనిపించే గంటలో ఒంటికి వేరే పని ఉండాలని ఆమె పట్టు. ఆ వేళ వార్డులోకి పలచటి చీకటి వచ్చేది. కాళ్ళు నడక నేర్పే కడ్డీల మధ్య, నేలకు కాస్త ఎత్తున, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు నడిచేవి. మధ్యాహ్నం నిద్రలో మిషను తొక్కేవి. దుప్పటి కింద సన్నగా టకటకమని వినిపించేది.

"పైన మనిషిని గూడ నాకియ్యుండ్రి సార్," అని తబస్సుమ్ అడిగింది. "ఊపిరి కసరత్తు చేయిస్త. కాళ్ళొక్కటే బాగైతే ఏం లాభం?"

"అటెండెంటుకు కసరత్తు రూల్స్‌ల లేదమ్మా. బెంచీ ఉన్నది, కూసోమను."

అటెండెంటుకు సాయంత్రం బయటికి వెళ్ళే అనుమతి కూడా ఉంది. సుదర్శనం దాన్ని వాడుకున్నాడు. ఆటో డ్రైవరు చంకల కింద చేతులేసి ఎత్తి కూర్చోబెట్టాడు, వైన్స్ ముందు దించాడు.

"ఇయ్యాల ఎవరు గుంజుకొచ్చిన్రే అన్నా?" అని పక్కవాడు నవ్వాడు.

సుదర్శనం అలవాటుగా కిందికి చూసుకున్నాడు. నింద వేయడానికి అక్కడ ఏమీ లేదు. "ఆటో," అన్నాడు.

డిశ్చార్జికి ముందు కాళ్ళను ఒక సాయంత్రం ఆ వైన్స్ ముందు నుంచే నడిపించారు. తబస్సుమ్ కాస్త వెనకగా వచ్చింది. మెట్ల మీద కూర్చున్న సుదర్శనం వాటిని గుర్తుపట్టాడు.

"ఓయ్, ఆగుండ్రి! నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతున్నరు?"

కాళ్ళు ఆగాయి. వేళ్ళు ముడుచుకున్నాయి. తబస్సుమ్ ఊపిరి బిగబట్టింది. తర్వాత ఎడమ కాలు ముందుకు పడింది, దాని వెంట కుడి కాలు. అవి మలుపు తిరిగేదాకా సుదర్శనం చూస్తూనే ఉన్నాడు. గ్లాసు చేతిలోనే ఉంది.

కాలి బొటనవేలి ముద్ర తీసుకుని కాళ్ళను భాగ్యకు అప్పగించారు.

"మరి ఆయన?" అంది భాగ్య.

"ఆయన పేషెంటు కాదు గదమ్మా," అన్నాడు సూపరింటెండెంటు.

"నయమైందా సార్?"

"పేషెంటైతే గద నయమయ్యేది."

"అయితే ఈడనే ఉండనీయుండ్రి," అంది ఆమె.

ఇప్పుడు ఇంట్లో కాళ్ళు స్టూలు మీద కూర్చుని తొక్కుతాయి. భాగ్య వెనక నిలబడి, వంగి, సూది కిందికి గుడ్డ జరుపుతుంది. యూనిఫాంలు బడులు తెరిచేలోపే అందాయి. "మీ ఆయన మంచిగైండంట గద?" అని పక్కింటామె అడిగితే, "సగం అయిండు వదినా. చానా ఇండ్లల్ల అది గూడ లేదు," అంటుంది. పక్కింటామె తలూపి, తన ఇంటి వైపు చూసుకుంటుంది.

తబస్సుమ్ మాత్రం అన్నం తినే విరామంలో బెంచీ దగ్గరికి వెళ్ళి సుదర్శనం చేత ఊపిరి పీల్పించి, వదిలిస్తుంది. కొన్ని రోజులు అతను పీలుస్తాడు. కొన్ని రోజులు బెంచీ ఖాళీగా ఉంటుంది. కేంద్రం లెక్కలో కోలుకున్నది కాళ్ళు, తీసుకుపోయింది భాగ్య. అతను ఎక్కడా లేడు. అందుకని మిమ్మల్ని అడగడం: జేబులు చక్కగా కుట్టే సుదర్శనం అని ఒకాయన ఉన్నాడు, ఆయన్ను కాస్త గుర్తుపెట్టుకోండి.