వీడ్కోలు అధికారి లేని ఆఫీసు

నాగరికత అనేది ఒక వస్తువును ఇంకో వస్తువులో దూర్చడంతో మొదలైంది. దారాన్ని సూదిలో, గుండీని కాజాలో, తాళంచెవిని తాళంలో దూర్చుకుంటూ వచ్చిన మనిషి, ఎట్టకేలకు పెన్ డ్రైవ్‌ను లాప్‌టాప్‌లో దూర్చే దశకు చేరుకున్నాడు. దూర్చినదాన్ని బయటికి తీయడం ఎలాగన్న విషయం మీద మాత్రం నాగరికత ఇంకా ఆలోచిస్తోంది. ఆ ఆలోచన జరుగుతున్న చోటు మా ఆఫీసు.

మా ఆఫీసులో లాప్‌టాప్‌కు బయటినుంచి తగిలించే ప్రతి వస్తువునూ, అంటే పెన్ డ్రైవ్, మెమరీ కార్డు, హార్డ్ డిస్కు, ఆఖరికి మౌసును కూడా, "అతిథి" అంటారు. అతిథుల మంచిచెడ్డలు చూడడానికి "బాహ్య పరికరాల ఆహ్వాన, వీడ్కోలు విభాగం" అని ఒకటుంది. లోపల పెట్టడానికి అనుమతి ఇచ్చేది ఆహ్వాన అధికారి. బయటికి తీయడానికి అనుమతి ఇచ్చేది వీడ్కోలు అధికారి. ఆహ్వాన అధికారి మేడమ్ మహా చురుకైన మనిషి. పెన్ డ్రైవ్ పట్టుకుని మనం ఆవిడ గుమ్మం దగ్గర నిలబడితే చాలు, మన ఫోనుకు "మీ అతిథికి సుస్వాగతం" అని మెసేజ్ వచ్చేస్తుంది. ఆవిడ పక్కనే వీడ్కోలు అధికారి కుర్చీ ఉంది. దాని మీద ఆవిడ తన భోజనం డబ్బా పెట్టుకుంటారు. పాతాయన రిటైరైనప్పటి నుంచి ఆ పోస్టు ఖాళీ. (ఆయన రిటైరైన రోజున అందరూ కలిసి ఆయనకు వీడ్కోలు పలికారు. దానికి అనుమతి ఎవరిచ్చారన్న విషయంపై విచారణ నడుస్తోంది.)

అందువల్ల మా దగ్గర లోపలికి వెళ్లింది లోపలే ఉంటుంది. నా పక్క సీటాయన లాప్‌టాప్‌కు చుట్టూ పెన్ డ్రైవులు పొడుచుకొచ్చి ఉంటాయి. అందుకే ఆయన్ని ముళ్లపంది అంటాం. ఆయనేమీ అనుకోడు. ఒక మీటింగు గది నుంచి ఇంకో గదికి వెళ్లేటప్పుడు, తీగకు వేలాడే హార్డ్ డిస్కును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎడమ చేతిలో పెట్టుకుని నడుస్తాడు. ఆయన పెళ్లి వీడియో అందులోనే ఉంది. మొన్న పెళ్లిరోజుకు వాళ్లావిడ ఆఫీసుకే వచ్చి చూసుకుని వెళ్లింది.

చేత్తో పట్టుకుని లాగేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. వెనకటికి ఒకాయన అలాగే లాగాడు. అదే క్షణంలో భవనమంతా కరెంటు పోయింది. ఆ రోజు నుంచి ప్రతి బల్ల మీదా "తొందరపడి లాగకండి" అన్న కాగితం అంటించి ఉంది. కరెంటు పోయింది కింద ఎలక్ట్రీషియన్ ఫ్యూజు మార్చడం వల్లనని తర్వాత ఒక నివేదిక తేల్చిందట. ఆ నివేదిక పెన్ డ్రైవ్‌లో ఉంది. ఆ పెన్ డ్రైవ్ ఎవరి లాప్‌టాప్‌లో ఉందో తెలియదు.

ఇక నా సంగతి. మా ఆవిడ పిల్లలకు డాన్సు నేర్పుతుంది. ఈ ఏడాది పిల్లల ప్రదర్శనకు పాటలన్నీ తనే కత్తిరించి, అతికించి, ఎక్కడ ఆపాలో ఎక్కడ చప్పట్లు కొట్టాలో చూసుకుని, ఒక ఎర్ర పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకుంది. నెలల తరబడి పడ్డ కష్టం. ఆ పని చేసిన పాత కంప్యూటర్ చివరి పాట పూర్తవగానే కన్నుమూసింది. కొత్తగా కొన్న లాప్‌టాప్ ఎంత సన్నంగా ఉందంటే, దానికి పెన్ డ్రైవ్ పెట్టే చోటే లేదు. (లాప్‌టాప్ ఎంత ఖరీదైతే అంత పనికిరాకుండా పోవాలన్నది తయారీదారుల నియమం.) అంటే ఆ పాటలకు ఈ భూమ్మీద ఉన్నది ఆ ఎర్ర పెన్ డ్రైవ్ ఒక్కటే.

ప్రదర్శన రోజు పొద్దున్నే మా ఆవిడ అంది: "ఏమండీ, ఎందుకైనా మంచిది, దీనికి ఇంకో కాపీ ఉంటే బాగుణ్ణు. మనసెందుకో పీకుతోంది."

"దానిదేముంది, ఆఫీసులో చేసుకొస్తాలే" అన్నాను.

ఏ దేవతలు తథాస్తు అన్నారో గాని, ఆహ్వానం క్షణాల్లో వచ్చింది. పెన్ డ్రైవ్ పెట్టాను. కాపీ చేయబోతే కుదరలేదు. అతిథి ఇంట్లోకి రావచ్చు గాని సామాను దించకూడదన్నది నిబంధన. సరే, నాకెందుకొచ్చిన గొడవ, తీసేసుకుని పోదామని బయటికి తీసే బొమ్మ మీద నొక్కాను. స్క్రీన్ మీద రెండు ముక్కలు వచ్చాయి: "ఈ పరికరం ప్రస్తుతం ఉపయోగంలో ఉంది. కాసేపాగి ప్రయత్నించండి."

కాసేపాగాను. మళ్లీ అదే మాట. ఆహ్వాన అధికారి దగ్గరికి పరుగెత్తాను.

"మేడమ్, నా పెన్ డ్రైవ్‌ను ఎవరో వాడుతున్నారట."

"మీరేనేమో చూసుకోండి."

"నేను వాడట్లేదండీ. తీసేద్దామనుకుంటున్నాను."

"తీసేద్దామనుకోవడం కూడా వాడటం కిందికే వస్తుందండీ."

"మరి ఎప్పుడు తీయొచ్చు?"

"మీరు తీయాలనుకోనప్పుడు" అని ఆవిడ డబ్బా మూత తెరిచి, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు.

విభాగాధిపతి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన పెద్దమనిషి, కూర్చోబెట్టి సావధానంగా విన్నారు. సాయంత్రం ప్రదర్శన ఉందనీ, పిల్లలు ముఖాలకు రంగులు వేసుకుని ఎదురుచూస్తుంటారనీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"లాప్‌టాప్ ఆపేశాక మెల్లిగా తీసేసుకోవచ్చా సార్?" అని అడిగాను.

"నిద్రపోతున్నవాడి జేబులో చెయ్యి పెడితే దాన్నేమంటారండీ?"

"పోనీ, లాప్‌టాప్‌నే ఆ హాలుకు పట్టుకెళ్తాను."

"లాప్‌టాప్ గేటు దాటాలంటే దాన్లో అతిథులెవరూ ఉండకూడదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఇల్లుతో సహా ఎత్తుకుపోతామంటే ఎలా?"

ఆయన ఊరికే మాటలతో సరిపెట్టే మనిషి కాదు. అప్పటికప్పుడు "ఉపయోగిస్తున్నవారి అన్వేషణ సంఘం" వేశారు. నా పెన్ డ్రైవ్‌ను వాడుతున్నది ఎవరో కనిపెట్టడం దాని పని. సంఘం సభ్యులు నా బల్ల చుట్టూ కుర్చీలు వేసుకుని, పెన్ డ్రైవ్ మీద మినుకుమినుకుమంటున్న చిన్న దీపాన్ని చాలాసేపు చూశారు. దీపం వెలుగుతోంది కాబట్టి ఎవరో ఉన్నారని ఒకాయన అన్నారు. ఆరిపోతోంది కాబట్టి ఎవరూ లేరని ఇంకొకాయన అన్నారు. (ఇద్దరి మాటనూ సమావేశం మినిట్స్‌లో రాసి, టీ తెప్పించారు.) ముళ్లపంది నా భుజం మీద చెయ్యి వేసి, "మొదట్లో ఇలాగే ఉంటుంది తమ్ముడూ, తర్వాత అలవాటైపోతుంది" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే మా ఆవిడ ఫోను.

"ఏమండీ, కాపీ అయిందా?"

"అవుతూ ఉంది."

"నాలుగు పాటలకు ఇంతసేపా?"

"పెన్ డ్రైవ్‌ను ఎవరో వాడుతున్నారట."

"ఎవరు?"

"అదే తేల్చడానికి సంఘం వేశారు."

అవతల పిల్లల గోల వినిపించింది. "నేనొస్తున్నా" అని ఫోను పెట్టేసింది.

రిహార్సల్ నుంచి నేరుగా వచ్చేసింది. భుజాన తువ్వాలు, మెడలో పిల్లల్ని అదుపు చేసే విజిల్, ముఖాన చెమట. గేటు దగ్గర సందర్శకుల యాప్ ఆ రోజు పనిచేయడం లేదు. ఆహ్వాన అధికారి అలాంటివాటికి కంగారుపడే మనిషి కాదు. మా ఆవిడను పరికరాల యాప్‌లోనే ఎక్కించేశారు. రకం: "ఇతరములు". సామర్థ్యం ఎంతో రాయకుండా యాప్ ముందుకు కదలదు. మేడమ్ మా ఆవిడను ఎగాదిగా చూసి, "అపరిమితం" అని నింపారు. నా ఫోనుకు "మీ అతిథికి సుస్వాగతం" అని ఇంకో మెసేజ్ వచ్చింది.

మా ఆవిడ సంఘాన్ని దాటుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇదేనా?"

"ఇదే. కానీ ముందు..."

రెండు వేళ్లతో పట్టుకుని లాగేసింది.

సంఘం సభ్యులు కళ్లు మూసుకున్నారు. ముళ్లపంది హార్డ్ డిస్కును గుండెలకు హత్తుకున్నాడు. కరెంటు పోలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. దాపరికమెందుకు, ఆ నిమిషంలో మా ఆవిడను చూసి నాకు ఎంత గర్వమేసిందో, ఆఫీసును చూసి అంత భయమూ వేసింది.

సంఘం పని చూడ్డానికి వచ్చిన విభాగాధిపతి గారు ఒక కన్ను తెరిచి స్క్రీన్ వైపు చూశారు. స్క్రీన్ మీద ఇంకా అదే ఉంది: "ఈ పరికరం ప్రస్తుతం ఉపయోగంలో ఉంది."

"హమ్మయ్య, లోపలే ఉందండీ" అన్నారాయన.

మా ఆవిడ పెన్ డ్రైవ్‌ను ఆయన ముక్కు ముందు ఆడించింది. "మరి ఇదేంటండీ?"

"అది మీ అభిప్రాయం" అన్నారు ఎంతో మర్యాదగా.

ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. రెండో పాట మధ్యలో, సాధన కోసం మా ఆవిడ తన గొంతుతో చెప్పిన "ఇప్పుడు చెయ్యి పైకి, నవ్వాలి, నవ్వాలి" అన్న మాట చెరపడం మర్చిపోయింది. అది హాలంతా వినిపించింది. పిల్లలతో పాటు జనం కూడా చేతులు పైకెత్తి నవ్వారు. ముందు వరసలో కూర్చుని నేను కూడా ఎత్తాను. కళ్లు తడిశాయి. ఆ పెన్ డ్రైవ్ నాకు అప్పుడు మా ఇంటికంటే ఖరీదైనదిగా కనిపించింది.

మళ్లీ ఆఫీసుకు వెళ్లేసరికి బల్ల మీద మెమో ఉంది. విషయం: ఇద్దరు అతిథుల అదృశ్యం. మొదటి అతిథి ఎర్ర పెన్ డ్రైవ్. రెండో అతిథి, ఇతరములు, సామర్థ్యం అపరిమితం.

ఆ తర్వాత నన్ను రోజూ ఇద్దరు తనిఖీ చేసేవారు. ఒకాయన స్క్రీన్ చూసి పెన్ డ్రైవ్ లోపలే ఉందని రాసేవారు. ఇంకొకాయన పెట్టే చోటు చూసి లేదని రాసేవారు. ఉందంటే ఒకాయనకు కోపం, లేదంటే ఇంకొకాయనకు కోపం. కరవమంటే కప్పకు, విడవమంటే పాముకు అన్నట్టుగా తయారైంది నా బతుకు. ఈ అతిథుల వ్యవహారం తేలేదాకా నాకు సెలవు లేదు, లాప్‌టాప్ ముట్టుకునే వీలూ లేదు. దాని ఎదురుగా కూర్చుని ఖాళీ చోటుకు కాపలా కాయడం నా ఉద్యోగమైంది. ఇలాంటిది మళ్లీ జరగకుండా ఆఫీసువాళ్లు ప్రతి లాప్‌టాప్‌కూ ఒక ఇనుప రెక్క బిగించారు. అతిథి లోపలికి వెళ్లగానే రెక్క మూసి తాళం వేస్తారు. తాళంచెవులన్నీ ఖాళీ కుర్చీ ముందున్న బల్ల సొరుగులో పెట్టారు.

ఇంతలో ఎవరూ అనుకోని సంగతి జరిగింది. వీడ్కోలు అధికారి పోస్టు భర్తీ అయింది. మేడమ్ తన డబ్బా తీసేశారు. ఆఫీసంతా పండగ చేసుకుంది. ముళ్లపంది కొత్త చొక్కా వేసుకొచ్చి వరసలో ముందు నిలబడ్డాడు గాని, కొత్తాయన నా ఫైలే ముందు తీశారు.

"మీది చాలా తేలిక. అనుమతి ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నారు.

నేను చేతులు జోడించాను.

"కాకపోతే, తీయడానికి అనుమతి ఇవ్వాలంటే అది లోపల ఉండాలి కదండీ. ముందు ఇద్దర్నీ వెనక్కి తెచ్చి పెట్టండి."

"ఇద్దర్నీ అంటే... మా ఆవిడను కూడానా సార్?"

ఆయన దయగల మనిషి. కాసేపు ఆలోచించి, "ఆవిడ ఫోటో ఒకటి ఆ పెన్ డ్రైవ్‌లోనే వేయించి తీసుకురండి. ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోతారు" అన్నారు.

ఇంట్లో బతిమాలుకున్నాను. మా ఆవిడ నన్ను చాలాసేపు జాలిగా చూసింది.

"మళ్లీ అక్కడ ఇరికించారంటే మీరూ అక్కడే ఉండిపోండి. అందులో నా ప్రాణం ఉంది."

"అనుమతి చేతిలో ఉన్నట్టే. పెట్టడం, తీయడం, అంతే."

ఫోటో స్టూడియోలో ఆవిడ ఫోటో అందులో ఎక్కించారు. (ఇంకో కాపీ కూడా చేసిమ్మని అడుగుదామనుకున్నాను. కానీ కాపీ చేస్తే అతిథులు ముగ్గురవుతారేమోనని ఆగిపోయాను.) ఆఫీసులో వీడ్కోలు అధికారి ఎదురుగానే పెన్ డ్రైవ్ పెట్టాను. ఆయన ఇనుప రెక్క మూసి, తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నారు. స్క్రీన్ చూశారు, రెక్క కింద మినుకుమంటున్న దీపం చూశారు. "ఇప్పుడంతా పద్ధతిగా ఉంది. అనుమతి రేపు ఇస్తాను, ఇవాళ అతిథిని ఉండనివ్వండి, వచ్చిన రోజే పంపితే బాగుండదు" అన్నారు.

మర్నాడు ఆయనకు బదిలీ ఆర్డరు వచ్చింది. మధ్యాహ్నానికి వెళ్లిపోయారు. తాళంచెవి ఆయన జేబులోనే వెళ్లిపోయింది. కుర్చీ మీదికి డబ్బా తిరిగొచ్చింది. ముళ్లపంది నా పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి గుమ్మంలోనే మా ఆవిడ ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏమండీ, మన ప్రదర్శన పెద్ద హాల్లో మళ్లీ వెయ్యమని అడిగారు! ఈ శనివారమే. పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు. ఏదీ, నా పెన్ డ్రైవ్ ఇలా ఇవ్వండి."

నేను చెప్పులు విప్పి, వాటిని వరసగా పెట్టి, ఎంతో నెమ్మదిగా చెప్పాను:

"అది ప్రస్తుతం ఉపయోగంలో ఉంది. కాసేపాగి ప్రయత్నించు."