బర్నబాసు గారి కొలత

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున కాఫీ తాగగానే మనవరాలిని వసారా స్తంభానికి ఆనించి నిలబెట్టి ఎత్తు కొలవడం బర్నబాసు గారికి అలవాటు. 1971 జనవరి ఒకటిన కూడా ఆయన అంతకన్నా పెద్ద పనేమీ తలపెట్టలేదు. కొలిచి, గీత గీసి, కొత్త సంవత్సరం ఆరాధనకు గుడికి వెళదామనుకున్నారు.

సంగం జాగర్లమూడి లాకుల దగ్గర ముప్పై ఏళ్లు కాలవ నీటిమట్టం చూసి రాసిన మనిషి ఆయన. రిటైరై భట్టిప్రోలు వచ్చేశాక చూడటానికి కాలవ లేక చేతులు కట్టేసినట్టయింది. దాంతో వసారా స్తంభానికే లాకు దగ్గర స్కేలు మాదిరిగా నలుపూ తెలుపూ రంగులతో అడుగులూ అంగుళాలూ వేసుకున్నారు. దాని మీద కొలవడానికి ఇంట్లో దొరికింది కొడుకు కూతురు సలోమి ఒక్కతే. తండ్రికి ఊళ్లు తిరిగే ఉద్యోగం కావడంతో ఆ పిల్ల తాతయ్య దగ్గరుండి హైస్కూలు చివరి ఏడు చదువుతోంది. చదువు ఎలా ఉన్నా, బాస్కెట్‌బాల్ చేతికిస్తే మాత్రం చూస్తున్నవాళ్లు ఇళ్లకు పోవడం మరిచిపోయేవారు.

ఈ పిల్ల స్టారు అవుతుందా, అవదా అన్నది రైల్వే స్టేషను ఎదుటి టీకొట్టులో ఆర్నెల్లుగా నడుస్తున్న వాదన. అవుతుందని బర్నబాసు గారు, అవదని పోస్టుమాస్టరు జనార్దనరావు గారు.

"ఆట చేతుల్లో ఉంటే చాలదండీ, మనిషిలో పొడుగుండాలి. అయిదడుగుల మూడంగుళాల పిల్ల జిల్లా టీములో ఏం చేస్తుంది? మిగతావాళ్లకి మంచినీళ్లిస్తుంది!" అనేవారు పోస్టుమాస్టరు.

బాధేమిటంటే బడిలో డ్రిల్లు మాస్టారు సీతారామాంజనేయులు కూడా అదే మాట కాస్త మెత్తగా చెప్పారు. ఫిబ్రవరిలో బాపట్లలో జిల్లా టీముకి సెలక్షను. అయిదడుగుల ఆరంగుళాలకు తక్కువైతే అక్కడివాళ్లు మొహమైనా చూడరు. అటు సలోమి తండ్రి ఉత్తరం రాశాడు: ఈసారి పేరు రాకపోతే ఆట ఆపించి, పరీక్షలు కాగానే టైపు నేర్పించమని. ఆ ఉత్తరం వచ్చిన రోజున సలోమి అన్నం తినలేదు. బర్నబాసు గారూ తినలేదు.

అందుకే జనవరి ఒకటిన స్తంభం మీద గీత చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అయిదడుగుల ఆరంగుళాలు! డిసెంబరు ఒకటిన మూడు. తరవాత ఆయన కోతలకని చెరుకుపల్లి పొలానికి పోయి మూడు వారాలు అక్కడే ఉండిపోయి, క్రిస్మస్ పండగ ముందు రోజు సాయంత్రానికి ఇల్లు చేరారు. ఈ లోపల పిల్ల మూడంగుళాలు పెరిగిపోయింది.

"వరమ్మా! ఏం పెట్టావే ఈ పిల్లకి?" అని కేకేశారు.

"ఏం పెడతానండీ, మీరు లేరుగా, రోజూ మునగాకు పప్పే పెట్టాను" అంది భార్య వంటింట్లోంచి.

"లంగా పొడుగు మారలేదు తాతయ్యా. మొన్నటిదే సరిపోయింది" అంది సలోమి అనుమానంగా.

"గుడ్డ సాగుతుందమ్మా. స్తంభం సాగదు" అన్నారు ఆయన. ఆ ఊపులో వసారా దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. పండగ నాటి నుంచీ అంతే, దిగినప్పుడల్లా నేల ఒక పట్టాన కాలికి అందడం లేదు. వయసు మీద పడుతోందనుకుని గుడికి బదులు తిన్నగా టీకొట్టుకు వెళ్లారు.

జనార్దనరావు గారు నమ్మలేదు. "నెలకి మూడంగుళాలేంటండీ! ఈ లెక్కన వినాయక చవితికి కొట్టు చూరు తగులుతుంది."

"స్తంభం చెబుతోందండీ, నేను కాదు. ముప్పై ఏళ్లలో నా కొలత తప్పిందని ఒక్క ఇంజనీరు అన్నాడేమో కనుక్కోండి!"

సాయంత్రానికి ఊరంతా పాకింది. వారం తిరక్కుండా భట్టిప్రోలులో మునగచెట్లన్నీ బోడులయ్యాయి. తల్లులు పిల్లల్ని చంకన వేసుకొచ్చి స్తంభానికి ఆనించసాగారు. విచిత్రం, బడిలో నాలుగడుగుల ఏడంగుళాలున్న పిల్లవాడు ఇక్కడ నాలుగడుగుల పదంగుళాలు తేలేవాడు. ఎవరిని నిలబెట్టినా మూడంగుళాలు లాభమే. కొండమ్మ అనే ఆవిడైతే స్తంభానికి పసుపు రాయబోయింది. "లూథరన్ ఇంట్లో ఇవేం పనులమ్మా!" అని వరమ్మ చెయ్యి పట్టుకు ఆపింది.

ఇంకొకరైతే అనుమానించేవారు. బర్నబాసు గారు మాత్రం బడికి వెళ్లి డ్రిల్లు మాస్టారిని పట్టుకున్నారు.

"మాస్టారూ, మీ టేపు గుడ్డది. ఏళ్ల తరబడి లాగి లాగి సాగింది. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది. మూడంగుళాల తేడా ఉంది, పిల్లలకి ఎంత అన్యాయం!"

పెద్దాయన, పైగా కాలవ కొలిచిన మనిషి. సీతారామాంజనేయులు సిగ్గుపడి ఆ టేపును కత్తిరించి, వాలీబాల్ నెట్టు కట్టుకోవడానికి వాడేశారు. బాపట్లకు పంపే కాగితంలో సలోమి ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలని బర్నబాసు గారే స్వహస్తాలతో రాసి, కింద సంతకం చేసి, హోదా కూడా రాశారు.

ఆ ఇంట్లో దిగులుగా ఉన్నది సలోమి ఒక్కతే. పెరట్లో తాటిమొద్దుకు బిగించిన రింగు ఉంది. బడి రింగు విరిగిపోతే, ఆగస్టులో డ్రిల్లు మాస్టారు సరిగ్గా పదడుగులు కొలిచి పెట్టిందే. పండగ నుంచీ బంతి దాన్ని అందుకోవడం లేదు.

"రింగు పైకి పోయింది తాతయ్యా!"

"రింగుకి రెక్కలొచ్చాయా ఏంటి? ఒక్కసారి ఎదిగావు కదమ్మా, చేతులకింకా బలం చాలదు. ఇంకా పైకి వెయ్యి" అని ఆయన అరుగు మీద కూచుని వెయ్యించేవారు. పొద్దున వందసార్లు, సాయంత్రం వందసార్లు. జనవరి చివరికి బంతి కొబ్బరాకుల దాకా లేచి నిటారుగా రింగులో పడసాగింది.

సెలక్షను నాడు తెల్లవారుజాము రైలుకే నలుగురూ బయలుదేరారు. సలోమి, బర్నబాసు గారు, డ్రిల్లు మాస్టారు, సెలవు పెట్టి మరీ జనార్దనరావు గారు. "వాదన ఇక్కడ మొదలైంది, తేలేటప్పుడు నేను లేకపోతే ఎలాగండీ" అన్నారాయన. తెనాలిలో బండి మారి బాపట్లలో దిగేసరికి ఎండ ముదిరింది.

మైదానంలో ముందు పని ఎత్తు కొలవడం. సెలక్షనుకు వచ్చిన పెద్దమనిషి కొయ్యస్కేలు దగ్గర సలోమిని నిలబెట్టి, చేతిలో కాగితం చూసి, మళ్లీ సలోమిని చూశాడు.

"అయిదు మూడు. ఇందులో అయిదు ఆరని రాశారే!"

"మీ స్కేలు తప్పండీ" అన్నారు బర్నబాసు గారు తడుముకోకుండా.

పెద్దమనిషి కోప్పడలేదు. "అయితే మీరు నిలబడండి. మీ ఎత్తెంత?"

"అయిదడుగుల ఎనిమిది. ఉద్యోగంలో చేరిన నాడు రాసింది."

నిలబడ్డారు. స్కేలు సరిగ్గా అయిదడుగుల ఎనిమిది చూపించింది.

బర్నబాసు గారి చూపు కొయ్యస్కేలు అడుగుకు దిగింది. కాలవ అడుగున ఒండ్రు పేరుకుంటే స్కేలు మీద నీళ్లు ఎక్కువ కనిపిస్తాయని, ముందు అడుగు చూసుకుని తరవాత పైన చూడాలని, కాలవ కాపలాకు కొత్తగా చేరిన ప్రతి లస్కరుకీ ఆయనే చెప్పేవారు. పండగకు ముందు వరమ్మ ఇల్లంతా మట్టి మెత్తి అలికింది. స్తంభం అడుగున ఎన్ని అంగుళాలు మట్టిలో పూడిపోయాయో ఆయన ఒక్కసారి కూడా వంగి చూడలేదు. అప్పటిదాకా గర్వంతో నిక్కిన మెడ వంగిపోయింది. మనవరాలి మొహం చూడటానికి సిగ్గేసింది.

"తప్పు నాదండీ. పిల్లకేం తెలీదు. ఆ సంతకం నాది. శిక్షేదైనా ఉంటే నాకెయ్యండి" అన్నారు.

పెద్దమనిషి జాలిగానే సలోమి పేరు మీద గీత కొట్టబోయాడు. అప్పుడు జనార్దనరావు గారు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చారు.

"ఆగండి! ఈ పిల్ల పనికిరాదని అనాలంటే మేమనాలి, ఆర్నెల్లుగా రోజూ చూస్తున్నవాళ్లం. ఒక్క బంతైనా వేయించకుండా అనడానికి మీరెవరండీ?"

ఇంత గట్టిగా పోస్టుమాస్టరు మాట్లాడటం భట్టిప్రోలులోనే ఎవరూ వినలేదు. పెద్దమనిషి పెన్ను మూశాడు. "సరే, ఆడించండి" అన్నాడు.

సలోమి వేసిన మొదటి బంతి బోర్డు మీదుగా దాటి పిచ్చిమొక్కల్లో పడింది. ఎవరో నవ్వారు. సలోమి వెనక్కి తిరిగి, "తాతయ్యా, ఇక్కడ రింగు కిందికుంది!" అని అరిచింది.

"స్కేలు అయింది, ఇప్పుడు రింగా?" అని పెద్దమనిషి నిట్టూర్చి, టేపు తెప్పించి కొలిపించాడు. సరిగ్గా పదడుగులు.

"అయితే కాస్త తగ్గించి వేస్తాలెండి" అంది సలోమి.

రెండో బంతి పడింది. మూడోది పడింది. తనకన్నా జానెడు పొడుగున్న ఇద్దరమ్మాయిల్ని ఎదురు నిలబెట్టారు. వాళ్లు చేతులెత్తి ఎగిరినా లాభం లేకపోయింది. సలోమి బంతి వాళ్ల వేళ్లకు బారెడు పైనుంచి పోయి, నిటారుగా దిగి, రింగును తాకకుండా వలలో జారింది. ఇరవైకి పంతొమ్మిది. మైదానం చుట్టూ ఉన్నవాళ్లు లెక్కపెట్టడం ఆపి చప్పట్లు కొట్టారు. బర్నబాసు గారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. తన లెక్క తప్పినందుకు ఇంత సంతోషం ఆయనకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ కలగలేదు.

పెద్దమనిషి కాగితంలో ఆరు కొట్టేసి మూడు వేసి, పేరు మాత్రం అలాగే ఉంచాడు. "బంతి అంత పైకి వెయ్యడం ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు. డ్రిల్లు మాస్టారు ఆకాశం వైపు చూశారు. నేర్పింది తను కాదని ఆయనకు తెలుసు.

ఇల్లు చేరగానే బర్నబాసు గారు వెదురుకర్ర తెచ్చి పెరట్లో రింగు కొలిచారు. పదిన్నర అడుగులు. ఇంకోసారి కొలిచారు. ఈసారి వంగి, అడుగు కూడా చూశారు. తాటిమొద్దు చుట్టూ, సలోమి ఆడే మేరంతా నేల అరడుగు దిగి, అలికి నున్నగా ఉంది.

"వరమ్మా, ఇల్లు మెత్తడానికి మట్టెక్కడిదే?"

"ఎక్కడిదేంటండీ? వానలకి వసారాలోకి నీళ్లొస్తున్నాయని ఎత్తు చేద్దామనుకున్నాను. మీరేమో పొలంలో ఉన్నారు, బండి ఎవరు తోలిస్తారు? ఇక్కడైతే పిల్ల గెంతి గెంతి మెత్తగా చేసి పెట్టింది కదా, బడి వేళల్లో తవ్వుకుని మళ్లీ అలికేశాను" అంది ఆవిడ.

మర్నాడు టీకొట్టులో వాదన మళ్లీ మొదలైంది. ఈసారి స్టారు అయి తీరుతుందని జనార్దనరావు గారు బల్ల గుద్దుతుంటే, బర్నబాసు గారు గ్లాసులోకి చూస్తూ, "కొలవకుండా చెప్పలేనండీ" అన్నారు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

మరుసటి పండగకు వరమ్మకు మట్టి కరువు రాలేదు. డ్రిల్లు మాస్టారు బడిలో కొత్త రింగు కింద నేలంతా అరడుగు తవ్వించి, వచ్చిన మట్టిని రెండు బళ్లలో వాళ్లింటికే తోలించారు.