సాయం ఆలస్యమైతేనే సుఖం

విదేశంలో చదువుకునే పిల్లలకు ఆర్థిక సహాయం చప్పున అందితే చెడిపోతారు! అది ఎంత ఆలస్యమైతే అంత మేలు. నవ్వకండి, డెబ్బై తొమ్మిదేళ్లుగా అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆవుల్ని మేపుతున్నవాణ్ణి, నిదానం విలువ నాకు తెలుసు.

నా మనవరాలు మార్లిస్ ఇటలీలో ఒక టర్ము చీజ్ తయారీ చదవబోతోంది. దాని కాలేజీకి ఇటలీవాళ్లతో ఒప్పందం లేదు. ఒహాయోలోని మరో కాలేజీకి ఉంది. కనుక సాయం ఇచ్చేది ఇక్కడి కాలేజీవారు, తీసుకెళ్లేది ఒహాయోవారు, మధ్యలో ఇద్దరూ సంతకం పెట్టాల్సిన ఫారం.

"వాళ్లు పెడితేనే మేం పెడతాం, తల్లీ" అన్నారు ఇక్కడ.

"ముందు మీవాళ్లను పెట్టమనమ్మా, మాదెంతసేపు!" అన్నారు ఒహాయోలో.

ఎంత చక్కటి మర్యాద! ఒకరు కూర్చుంటేగాని మరొకరు కూర్చోరు. ఆ ఫారం ఎన్నిసార్లు తిరిగిందంటే, చివరికి పోస్టు వ్యాను డ్రైవరు లేకుండానే ఒహాయో వెళ్లి వచ్చేది. నేను ఒట్టు వేయగలను.

మే నెలకల్లా రెండు సంతకాలూ పడ్డాయి. అయితే డబ్బు వచ్చేది క్లాసులు మొదలైన పదిరోజులకు. విమానం టికెట్టు కొనవలసింది ఆ వచ్చే సోమవారంలోగా, లేకపోతే సీటు పోతుంది. చూశారా ముందుచూపు? ముందు సముద్రం దాటి చూపిస్తే, దాటడానికి డబ్బిస్తారు!

మా చర్చి ఆడవాళ్లకు ఇంత లోతు అర్థం కాదు. "పిల్ల ఈదుకుంటూ పోతుందా ఏంటి?" అంది బెర్నిస్. శుక్రవారం చేపల వేపుడు విందు పెట్టి, భోజనం టికెట్లు అమ్మేశారు. పట్టిన చేపలకి ఆ ఒక్కపూటకే మా సరస్సు నీరు జానెడు దిగింది. ఆ డబ్బుతో విమానం టికెట్టు వచ్చేసింది. నేను పొంగిపోయి, క్రితం వారం ఈ పత్రికలో ఇదే శీర్షికలో అందరి పేర్లూ, పోగైన మొత్తంతో సహా రాశాను.

మంగళవారం కాలేజీ నుంచి ఉత్తరం. లోపల నా వ్యాసం కత్తిరింపు! బయటి సాయం అందినట్టు తెలిసింది కనుక, మా సాయంలో సరిగ్గా అంత తగ్గిస్తున్నాం అని.

"తాతా, ఇటలీలో నా గది అద్దెకని ఉంచిన డబ్బు ఎగిరిపోయింది" అంది మార్లిస్. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నోరు కట్టేసుకుని ఉండలేకపోయావా?"

అది ఎల్లుండి విమానం ఎక్కుతుంది. దిగాక ఎక్కడ పడుకుంటుందో దానికీ తెలీదు.

కాబట్టి కాలేజీ ఆఫీసువారూ, కత్తెర తీసుకోండి, దీన్నీ కత్తిరించుకోండి. మా ఊళ్లో ఏ విందూ జరగలేదు. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఇక్కడివాళ్లంతా పరమ పిసినారులు, బెర్నిస్ మరీను. నేను అబద్ధాలకోరునని జిల్లా అంతా సాక్ష్యం చెబుతుంది, మీరొక్కరే నా మాట నమ్మారు!

పాఠకులారా, మీలో ఎవరికైనా ఆ పిల్లకు సాయపడాలనుంటే నిక్షేపంగా పడండి. ఆమె తాతకు మాత్రం తెలియనివ్వకండి.