రెండువందల నలభై రివెట్లు మాయం

"నేరానికి నోరుండదు గఫూర్ మామా. దాని తరపున నేను మాట్లాడతా," అన్నాడు డిటెక్టివ్ వెంకటకృష్ణ, భూతద్దం కంటికి ఆనించుకుని.

ఆ భూతద్దం గఫూర్‌దే. పొద్దున్నే వచ్చి పనిబల్ల మీది నుంచి లాక్కుపోయాడు. ప్యాంటు అంచులు జానెడు మడిచి కడితే డిటెక్టివ్ కళ వస్తుందని అతని నమ్మకం. ప్రొద్దుటూరు బస్టాండులో సోడా అంగడి నడుపుకునే ఈ మహానుభావుడు ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే. పోయిన తన స్కూటరు తన అంగడి వెనకే ఉందని కనిపెట్టాడు.

గఫూర్ ముప్పై ఏళ్లు హారాల్లోకి గుచ్చే బంగారు గుండ్లు చేశాడు. మిషన్లు వచ్చాక ఆ చేతిపని అడిగే దిక్కు లేదు. అదే విద్యతో ఇప్పుడు పెన్నా మీది పాత ఇనుప వంతెనకు మూరెడు నమూనా చేశాడు. సన్నటి ఇత్తడి తీగ కొసకు మంట తగిలిస్తే కరిగి గుండ్రటి తల కడుతుంది. ఆవగింజంత తల, చీమకాలంత తోక, అదీ రివెట్టు. అలాంటివి రెండువందల నలభై. మూడు గంటల బస్సుకు వంతెన పులివెందుల బడికి పోవాలి. నచ్చితే ఇంకా పది చేయించుకుంటామన్నారు, లేకుంటే గఫూర్ కొలిమి ఆర్పుకోవడమే. తొమ్మిదింటికి చూస్తే రివెట్ల గిన్నె ఖాళీ. సంగతి తెలియగానే వెంకటకృష్ణ తిరిగొచ్చి వాలాడు.

"పసుప్పచ్చ గుండ్లు. అంటే తులాలకు తులాలు," అన్నాడు వెంకటకృష్ణ.

"ఇత్తడి అప్పా."

"ఆ సంగతి దొంగకు తెలీదు కదా. ఇది అంతర్రాష్ట్ర ముఠా పని. పొద్దున ఈడికి ఎవరొచ్చినారు?"

"నువ్వు."

"నన్ను ఇడిసిపెట్టు. ఇంకెవరు?"

"ఇంకెవరూ రాలే."

"చూస్తివా ఎంత తెలివైనోడో. కనపడకుండానే వచ్చిపోయినాడు."

మధ్యాహ్నం దాకా గది నాలుగు మూలలూ పాకి, ఒక బీడీ ముక్క, రెండు మేక వెంట్రుకలు పట్టాడు. అంతలో చీపురూ జల్లెడా పట్టుకుని ఓబులమ్మ వచ్చింది. కంసాలి అంగళ్ల మట్టి ఊడ్చుకుపోయి, కడిగి, బంగారు రజను తీసుకోవడం ఆమె బతుకుతెరువు. గఫూర్ బంగారం మానేసినా ఆమె అలవాటు మానలేదు.

"దొరికింది ముఠా," అన్నాడు వెంకటకృష్ణ. "చేతిలో చీపురు, కళ్లలో నేరం. కదలొద్దు, పోలీసుల్ని పిలుచుకొస్తాండా."

ఓబులమ్మ గడపకు అడ్డంగా చీపురు పెట్టింది. "బట్టలు దులిపి పో నాయనా."

"డిటెక్టివ్‌నే దులపమంటాండావా?"

"కలెక్టరైనా దులపాల్సిందే. ఈ అంగట్లో మట్టి నాది. పొద్దున నేను లేనప్పుడు దులపకుండానే పోయుంటావు."

కోపంతో అతను కాలు నేలకేసి కొట్టాడు. మడత ఊడింది. గచ్చు మీద సన్నగా వాన కురిసినట్టు గలగలమని ఇత్తడి రాలింది.

గఫూర్‌కు అప్పుడు తట్టింది. గిన్నె మీద మూతగా పెట్టింది ఆ భూతద్దమే. వెంకటకృష్ణ బల్లకు ఆనుకుని దాన్ని లాగినప్పుడు గిన్నె ఒరిగి, అంతా ప్యాంటు మడతలోకి పోయింది. గఫూర్ గబగబా ఏరుకుని, వంతెనకు బిగించుకుంటూ పోయాడు. చివరికి ఒక్క చిల్లు మిగిలిపోయింది. గంట రెండున్నర. ఓబులమ్మ మట్టి జల్లించి, జల్లెడలో మిగిలిన ఆఖరి రివెట్టు తీసి అరచేతిలో పెట్టింది. అది బిగించి గఫూర్ బస్టాండుకు పరుగెత్తాడు. వంతెనను బస్సెక్కించి అంగడికి తిరిగొచ్చాడు.

"నేరస్తుడు నేరం చేసిన చోటికే తిరిగొస్తాడు మామా," అన్నాడు వెంకటకృష్ణ, కాలరెగరేసి. "పొద్దున్నుంచి నేను ఈడనే ఎందుకుండా అనుకుంటివి? వాని మీద కన్నేసి పెట్టినా."

గఫూర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "శానా మేలు చేసినావులే అప్పా. భూతద్దం ఇచ్చి పో."

"ఇచ్చినాక," అంది ఓబులమ్మ గడపకు మళ్లీ చీపురు అడ్డం పెట్టి, "రెండో కాలు కూడా దులిపి పో."