ఏడు రోజుల్లో వంద శాతం

చదువు రావాలంటే పుస్తకం అక్కర్లేదు. బుర్ర అసలే అక్కర్లేదు. బెంచీ ఉంటే చాలు! ఈ మాట అంటున్నది పదో తరగతి మూడుసార్లు తప్పిన నేను. తప్పినా ఒక్క రోజు కూడా బడి మానలేదు, అది గుర్తుపెట్టుకోండి.

ఈ మధ్య కొందరు కాలేజీల్లో డెబ్భై ఐదు శాతం హాజరు రూలుని తెగ తిడుతున్నారు. పాపం, వాళ్లకేం తెలుసు? చదువనేది కింద నుంచి పైకి ఎక్కుతుంది. బెంచీకి ఆనిన చోట మొదలై, వెన్నుపూస మీదుగా మెల్లగా తలకి చేరుతుంది. కొందరికి నడుం దగ్గరే ఆగిపోతే అది రూలు తప్పా?

మా మేనకోడలి క్లాసులో ఒకడున్నాడు. ముద్దుపేరు దిండు. హాజరు తొంభై తొమ్మిది శాతం. చివరి బెంచీలో తల వాలిస్తే మళ్లీ లాంగ్ బెల్లుకే లేస్తాడు. మూడు సబ్జెక్టులు పోయాయి. అయితేనేం? ఆ నిద్రలో ఎంత క్రమశిక్షణ!

ఇక మా మేనకోడలు. వాళ్లమ్మ, అంటే మా అక్క, బాత్రూంలో జారి కాలు విరగ్గొట్టుకుంటే, ఇది నెల రోజులు కాలేజీ మానేసి మంచం పక్కన కూర్చుంది. ఒక చేతిలో మందులు, ఇంకో చేతిలో పుస్తకం. తిరిగెళ్లి రాసిన పరీక్షలో క్లాస్ ఫస్ట్! ఎంత సిగ్గుచేటు! బెంచీ లేకుండా మార్కులెలా వచ్చాయి? చదివి తెచ్చుకుందట. హాజరు చూస్తే డెబ్భై నాలుగు. ఒక్క శాతం తగ్గింది కాబట్టి ఏడాది చివరి పరీక్ష రాయనిచ్చేది లేదన్నారు.

"మామయ్యా, నువ్వొకసారి వచ్చి మాట్లాడవా? అక్కడ మాత్రం నీ వెర్రి వేషాలెయ్యకు!" అంది.

వేషాలా? నేనా? బుద్ధిగా వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉన్నారు, ఆగమన్నారు. బయట మండే ఎండ. ఎదురుగా క్లాసులో ఫ్యాను. దిండు పక్కన చోటు. కూర్చున్నాను.

లెక్చరర్ గారు పసుపు రంగుకి తిరిగిన నోట్సు తెరిచి చదవడం మొదలుపెట్టారు. తలెత్తలేదు. హాజరు కాగితం బెంచీలు దాటుకుంటూ నా దాకా వచ్చింది. జేబులో పెన్నుంది. నన్నేం చెయ్యమంటారు? అట్టడుగున 'బొంగరం' అని నా ముద్దుపేరు రాసి సంతకం గీకాను.

ప్రిన్సిపాల్ గారు ఆ రోజు దొరకలేదు. ఏడు రోజులు దొరకలేదు. ఏడు రోజులూ ఫ్యాను తిరిగింది, నేనూ సంతకం పెట్టాను. యాభై రెండేళ్ల వయసులో, నెరిసిన మీసంతో! "ఎవరయ్యా నువ్వు?" అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఎనిమిదో రోజు నోటీసు బోర్డు మీద లిస్టు పెట్టారు. పరీక్ష రాయకూడని వాళ్లలో మా మేనకోడలు. రాయదగ్గ వాళ్లలో ఆఖరి పేరు బొంగరం. హాజరు వంద శాతం!

ఆఫీసు గుమాస్తా ఓపిగ్గా వివరించాడు. "మీరు లేటుగా చేరారు కదండీ. చేరిన రోజు నుంచే లెక్క. ఏడుకి ఏడు." హాల్ టికెట్ చేతిలో పెట్టి, ఫొటో నన్నే అంటించుకోమన్నాడు.

పరుగున వెళ్తే ఈసారి ప్రిన్సిపాల్ గారు దొరికారు.

"సార్, నేను ఆ పిల్ల మామయ్యని. ఈ టికెట్ తనకి మార్చెయ్యండి."

"హాజరు బదిలీ చెయ్యడం కుదరదండీ. రూలు రూలే. మీరు మాత్రం పరీక్ష మానకండి, మా రిజల్టు దెబ్బతింటుంది."

సోమవారం నా పరీక్ష. ఈ పిల్ల మళ్లీ ఏడాదంతా అదే క్లాసులో కూర్చోవాలి. అక్క కళ్లు తుడుచుకుంటుంటే, కాలు నొప్పి కాబోలనుకుంటున్నారు చుట్టాలు.

మేనకోడలు రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెబుతోంది. "కనీసం నువ్వైనా పాసవ్వు మామయ్యా!" అంటుంది.

దీని పద్ధతే నాకు నచ్చలేదు. రెండు నిమిషాలు కునుకు పడితే చాలు, తలెత్తి చూసేస్తుంది! భుజం తట్టి లేపేస్తుంది! ఇలాగైతే రేపు దీనికి లెక్చరర్ ఉద్యోగం ఎవరిస్తారండీ?